రసాయనం తగ్గించే పూతలు: గోదావరి డెల్టా నీటికి, గాలికి ఏవి నిలుస్తాయి?

క్లుప్తంగా

ఉపరితలాన్ని మార్చి కడిగే మందుల వాడకం బాగా తగ్గించవచ్చు, మొత్తానికి మానేయడం మాత్రం కుదరదు. నీటిని జార్చే పూతలు, ఎండతో పనిచేసే టైటానియం పూతలు, రాగి లోహాలు, నునుపు తేలిన స్టీలు ఒక్కోటి ఒక్కో రకం మురికికే పనికొస్తాయి. డెల్టాలో ఇబ్బంది పెట్టేవి బోరు నీళ్ల గార, వరద ఒండ్రు, తేమకు పట్టే పాచి. మొదటి రెండింటి ముందు చాలా పూతలు చేతులెత్తేస్తాయి. మూడోదానికి పూత కంటే నీరు నిలవకుండా చూడడమే ఎక్కువ పని చేస్తుంది. ఖర్చుకు తగ్గ ఫలితం స్పష్టంగా కనిపించేది రొయ్యల ప్రాసెసింగ్ షెడ్లలాంటి చోట్ల, అదీ పూతతో కాదు, స్టీలు రకంతో, వెల్డింగు పనితనంతో.

‘కెమికల్ ఫ్రీ’ అంటే అసలేమిటి

బాత్రూము టైల్స్‌కు నానో కోటింగ్, ఆసుపత్రి గోడలకు యాంటీ బ్యాక్టీరియల్ పెయింటు, కారు అద్దానికి నీళ్లు నిలవని స్ప్రే. భీమవరం, కాకినాడ, రాజమహేంద్రవరం హార్డ్‌వేర్ దుకాణాల్లో ఇప్పుడు ఇవన్నీ దొరుకుతున్నాయి. అన్నిటి మీదా ఉండే మాట ‘కెమికల్ ఫ్రీ’. మాటకు మాట చూస్తే ఇది తప్పు. టైటానియం డయాక్సైడ్ రసాయనమే, నీటిని జార్చే పూతల్లో వాడే సిలేన్ అనే సిలికాన్ సమ్మేళనం రసాయనమే, నీళ్లూ రసాయనమే. అమ్మేవాళ్లు చెప్పదలచింది వేరు: రోజూ బకెట్లో కలిపి పారబోసే మందు అక్కర్లేదు, ఆ పని ఉపరితలమే చూసుకుంటుంది అని. పరీక్షించాల్సింది ఆ మాటనే.

శుభ్రపరచడం గురించి పరిశ్రమలో అందరూ వాడే లెక్క ఒకటుంది. 1959లో జర్మన్ రసాయన ఇంజనీరు హెర్బర్ట్ జిన్నర్ దాన్ని వలయంగా గీశాడు. మందు, రుద్దుడు, వేడి, సమయం అనే నాలుగూ కలిస్తే శుభ్రత. ఒకటి తగ్గిస్తే మిగతావాటిలో ఏదో ఒకటి పెంచాలి. మందు మానేస్తే ఎక్కువసేపు నానబెట్టాలి, లేదా గట్టిగా రుద్దాలి, లేదా వేడినీళ్లు పోయాలి. ఉపరితల సాంకేతికత చేసేదల్లా ఆ వలయం మొత్తాన్ని చిన్నది చేయడం. మురికి గట్టిగా అంటకపోతే నాలుగూ తక్కువే సరిపోతాయి. అంటుకునే లక్షణం తగ్గకుండా వలయం చిన్నదవదు.

మందు ఎందుకు తగ్గాలన్నదానికి డెల్టాలో ఒక స్థానిక కారణం కూడా ఉంది. ఇక్కడ భూమి దాదాపు చదును, భూగర్భ జలమట్టం పైపైనే. వానాకాలంలో సెప్టిక్ ట్యాంకు ఇంకుడు గుంటలు నిండిపోయి నీళ్లు లోపలికి పోవు. ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియాను పదే పదే పోసిన యాసిడ్, బ్లీచింగ్ దెబ్బతీస్తాయి. ఆ బ్యాక్టీరియా సరిగ్గా పని చేయని ట్యాంకు నుంచి వచ్చేదంతా మురుగు కాలువకే. యనమదుర్రు డ్రెయిన్ లాంటి కాలువల్లో గుర్రపుడెక్క అంత బలిసిందంటే అందులోకి చేరే నత్రజని, ఫాస్ఫరస్ కారణం. ఎరువుల వాటా, మురుగు వాటా పక్కన సబ్బు పొడుల వాటా చిన్నదే కావచ్చు, లేకపోలేదు.

తామరాకు సూత్రం ఎక్కడ విఫలమవుతుంది

తామరాకు మీద నీటిబొట్టు నిలవదన్నది అందరికీ తెలుసు. ఎందుకన్నది 1997లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్హెల్మ్ బార్త్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హుయిస్ వివరంగా చూపించారు. ఆకు మీద మిల్లీమీటరులో నూరో వంతు సైజు బుడిపెలు ఉంటాయి, వాటి మీద ఇంకా సన్నటి మైనపు నూగు. బొట్టు ఆ నూగు కొసల మీదే నిలబడుతుంది, కింద గాలి ఉంటుంది. ఆకుకూ బొట్టుకూ మధ్య కోణం 150 డిగ్రీలు దాటుతుంది. దొర్లే బొట్టు దుమ్మును ఎత్తుకుపోతుంది. చేమాకు కూడా ఇదే పద్ధతి.

ఈ సూత్రం మీద గోడ రంగులు వచ్చాయి. టైల్స్‌కు, అద్దాలకు అమ్మే స్ప్రేలలో చాలామటుకు ఈ కోవలోవి కావు. అవి నున్నటి సిలేన్ లేదా ఫ్లోరిన్ పొరలు. నునుపు పొర మీద బొట్టు కోణం 120 డిగ్రీలకు మించి పోదు. బొట్టు గుండ్రంగా కూర్చుంటుంది కానీ తనంతట తను దొర్లదు, పలకను వంచితే జారుతుంది. తేడా చిన్నదిగా అనిపిస్తుంది కానీ డెల్టా బాత్రూములో అదే అసలు విషయం. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. గుండ్రంగా కూర్చున్న బొట్టు జారకుండా అక్కడే ఆరితే లవణమంతా ఒక చుక్కలో పేరుకుంటుంది. పూత లేని అద్దం మీద పల్చటి తెల్ల పొర వచ్చేది కాస్తా, పూత వేసిన అద్దం మీద వరసగా తెల్ల మచ్చలవుతుంది. కొనుక్కున్నవాళ్లు పూత నాసిరకమనుకుంటారు. పూత చెప్పినట్టే పని చేసింది, నీళ్లే దానికి సరిపడవు.

అసలైన తామరాకు రకం పూతలకు మూడు బలహీనతలు. మొదటిది సబ్బు. సబ్బు నీటి తలతన్యతను తగ్గిస్తుంది, దాంతో బొట్టు బుడిపెల మధ్యకు దిగిపోతుంది. సరిగ్గా కడగని సబ్బు మిగిలినా అంతే. రెండోది మంచు. పైనుంచి పడే వాన బొట్టు జారిపోతుంది గానీ, రాత్రి తేమ గాలి చల్లబడి బుడిపెల మధ్యలోనే నీరు పుడితే కింద గాలి పొర ఉండదు. డెల్టాలో పొద్దున్నే అన్నీ తడిసి ఉండే రోజులు తక్కువేమీ కాదు. మూడోది అరుగుదల. ఆకు మైనం అరిగితే చెట్టు మళ్లీ స్రవిస్తుంది, గోడకు ఆ సదుపాయం లేదు. ఒక్కసారి గట్టి బ్రష్షుతో రుద్దితే నూగు విరిగిపోతుంది.

ఫ్లోరిన్ ఆధారిత పూతల విషయంలో ఇంకో లెక్క ఉంది. ఈ కుటుంబంలోని కొన్ని సమ్మేళనాలు నేలలో, నీళ్లలో ఎన్నేళ్లయినా విరగవు. వాటిలో పీఎఫ్‌ఓఎస్‌ను 2009లో, పీఎఫ్‌ఓఏను 2019లో అలాంటి విరగని రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో చేర్చారు. పర్యావరణం పేరు చెప్పి ఫ్లోరిన్ పూత అమ్మడం ఈ రంగంలో తరచూ కనిపించే విచిత్రం. డబ్బా మీద సిలేన్ లేదా సిలికాన్ ఆధారమని స్పష్టంగా లేకపోతే అడిగి తెలుసుకోవాలి.

ఎండతో పనిచేసే పూత, నీడలో పెరిగే పాచి

1972లో జపాన్ శాస్త్రవేత్తలు అకీరా ఫుజిషిమా, కెనిచి హోండా టైటానియం డయాక్సైడ్ మీద వెలుగు పడితే నీరు విడిపోతుందని చూపించారు. తర్వాత పాతికేళ్లలో అదే పదార్థం రెండు పనులు చేస్తుందని తేలింది. అతినీలలోహిత కాంతి తగిలినప్పుడు దాని మీద చురుకైన ఆక్సిజన్ కణాలు పుట్టి జిడ్డును, సూక్ష్మజీవుల పొరను విరగ్గొడతాయి. అదే సమయంలో ఉపరితలం నీటిని విపరీతంగా ఇష్టపడే గుణానికి మారి, వాన నీరు బొట్లుగా కాక పల్చటి పొరలా పరుచుకుని మురికి కిందికి దూరుతుంది. తామరాకుకు పూర్తిగా వ్యతిరేక దారి ఇది. 2001లో పిల్కింగ్టన్ సంస్థ ఈ పూతతో కిటికీ అద్దాలు అమ్మకానికి తెచ్చింది.

దీనికి కావలసిన కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 388 నానోమీటర్ల లోపు. ఎండలో ఆ భాగం వందకు 5 పాళ్లు కూడా ఉండదు, అయినా పగటి ఎండకు చాలు. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులో దాదాపు సున్న. అందుకని గది లోపలి గోడకు మామూలు టైటానియం పూత వేస్తే అది ఉత్త తెల్ల రంగే. నత్రజని, రాగి లాంటివి కలిపి మామూలు వెలుతురుకు స్పందించేలా చేసిన రకాలున్నాయి, పని వేగం తక్కువ. రెండు రకాలకూ అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్‌ఓ) పరీక్షలు వేరు వేరు: అతినీలలోహిత కాంతికి ఐఎస్‌ఓ 27447, ఇంటి వెలుతురుకు ఐఎస్‌ఓ 17094. లోపలి గోడకు అమ్ముతూ మొదటి ప్రమాణం సర్టిఫికెట్ చూపిస్తే అది వేరే పరీక్షలో వచ్చిన మార్కు.

బయటి గోడల సంగతి కొంత మెరుగు, కొంత వింత. పాచి ఎక్కువ పట్టేది ఉత్తరం వైపు గోడకు, కొబ్బరి చెట్ల నీడ పడే ప్రహరీకి, చూరు నీళ్లు చిమ్మే అడుగు భాగానికి. ఎండ తక్కువ పడేదీ సరిగ్గా అక్కడే. పూత అవసరమైన చోట దానికి ఇంధనం లేదు, ఇంధనం ఉన్న దక్షిణం గోడకు పూత అంతగా అవసరం లేదు. కోనసీమ తోటల మధ్య ఇళ్లకు ఇది నూటికి నూరు పాళ్లు వర్తిస్తుంది. అక్కడ చూరును అడుగున్నర బయటికి పొడిగించడం, గోడ మొదట్లో కంకర పరిచి నీళ్లు చిమ్మకుండా చూడడం ఏ పూతకన్నా ఎక్కువ పాచిని ఆపుతాయి.

ఇంకా రెండు పరిమితులు. ఈ పూత విరగ్గొట్టేది సేంద్రియ పదార్థాన్నే. జిడ్డు, పొగ మసి, పాచి పొర దాని పని. కాల్షియం గార, వరద ఒండ్రు, ఇసుక సేంద్రియాలు కావు కాబట్టి వాటి జోలికి పోదు. గార పొర పూతను కప్పేస్తే కాంతి అందక అసలు పనీ ఆగిపోతుంది. రెండోది, మామూలు ప్లాస్టిక్ ఎమల్షన్‌లో ఎండకు పనిచేసే ఈ రకం టైటానియం పొడి కలిపితే అది మురికితో పాటు రంగులోని జిగురునూ తినేస్తుంది. ఒకటి రెండు వేసవుల్లో గోడ చేతికి సుద్దలా అంటుతుంది. సిలికేట్ లేదా సిలికాన్ జిగురు ఉన్న రంగే వాడాలి. తాపీ మేస్త్రీలు సొంతంగా కలిపే ప్రయోగాలు ఇక్కడే దెబ్బతింటాయి. ఈ పొడిని స్ప్రే చేసేటప్పుడు మాస్కు తప్పనిసరి. పీల్చే ధూళి రూపంలో టైటానియం డయాక్సైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బీ వర్గంలో పెట్టింది. ఎండి గట్టిపడ్డ రంగులో ఆ ప్రమాదం లేదు.

పోల్చి చూడడానికి గుల్లసున్నం ఉండనే ఉంది. తాజా సున్నం పీహెచ్ 12 పైన ఉంటుంది, ఆ క్షారంలో బూజు, పాచి బతకవు. గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి మెల్లగా సుద్దరాయిగా మారేకొద్దీ ఆ బలం పోతుంది. సంక్రాంతికి ఏటా సున్నం కొట్టించడం వెనక ఉన్న లెక్క ఇదే: పూత పని అయిపోయే సమయానికి కొత్త పూత. పైగా సున్నం గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ దాన్ని లోపలే బిగిస్తుంది, అందుకే వరద తగ్గిన ఊళ్లలో ఎమల్షన్ గోడలు బుడగలు లేస్తాయి. చేతికి అంటుతుందన్న ఒక్క లోపం లేకపోతే సున్నాన్ని ‘స్మార్ట్ కోటింగ్’ అని అమ్మేవాళ్లే.

అజ్జరం ఇత్తడి చేయగలిగేది

సూక్ష్మజీవిని తాకిడితోనే చంపే లోహాల్లో రాగికి ఉన్నంత గట్టి ఆధారం మరొకదానికి లేదు. తడి లేకపోయినా రాగి అయాన్లు బ్యాక్టీరియా పొరను చీల్చి లోపలికి పోతాయి. 2008లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 60 శాతానికి పైగా రాగి ఉన్న మిశ్రమ లోహాలను నమోదు చేసింది. 2 గంటల్లో 99.9 శాతం బ్యాక్టీరియా చస్తుందని చెప్పుకోవడానికి అనుమతిస్తూనే, రోజువారీ శుభ్రతకు ఇది ప్రత్యామ్నాయం కాదు, అదనం మాత్రమేనని షరతు పెట్టింది. 2020లో కరోనా వైరస్ మీద చేసిన ప్రయోగంలో రాగి మీద 4 గంటల తర్వాత బతికున్న వైరస్ దొరకలేదు, ప్లాస్టిక్ మీద 72 గంటల వరకు దొరికింది.

ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన లోహం, సాధారణంగా రాగి 60 నుంచి 70 శాతం. తణుకు దగ్గరి అజ్జరంలో పోత పోసే ఇత్తడి తలుపు పిడులు, గొళ్లేలు ఈ కోవలోకి వస్తాయి. ఆసుపత్రి, బడి, హోటల్ తలుపు పిడులు, మెట్ల కటకటాలు, కుళాయి తలలు దీనికి తగిన చోట్లు. పదిమంది చేతులు పడేవి, విస్తీర్ణం తక్కువ. నేలకు, గోడకు రాగి వేయడం డబ్బు దండగ.

పనిచేయకుండా పోవడానికి కారణాలు మూడు. మెరుపు నిలవాలని పైన లక్కర్ (పారదర్శక వార్నిష్) పూస్తారు, అప్పుడు చెయ్యి తగిలేది ప్లాస్టిక్‌కే, రాగికి కాదు. చేతి జిడ్డు పొర పేరుకుంటే అయాన్లు దాన్ని దాటలేవు. బ్రాసో తరహా పాలిష్ మైనపు పొర వదిలితే ఫలితం అదే. ఇత్తడిని చింతపండుతో తోమే పాత పద్ధతి ఇక్కడ లెక్కలోకొస్తుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆక్సైడ్ పొరను తీసి తాజా లోహాన్ని పైకి తెస్తుంది, మైనం వదలదు. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీర గ్రామాల్లో ఉప్పు గాలికి ఇత్తడి త్వరగా పచ్చబడుతుంది. రంగు మారినంత మాత్రాన గుణం పోదు, జిడ్డు పడితేనే పోతుంది.

వంట పాత్రల దగ్గర ఈ గుణమే సమస్య. పులుసు, మజ్జిగ కళాయి లేని ఇత్తడిలో పెడితే రాగి కరుగుతుంది. తాగే నీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 2 మిల్లీగ్రాములు. కళాయి వేస్తే లోపలి ఉపరితలం తగరం అవుతుంది, రాగి కరగదు, సూక్ష్మజీవినీ చంపదు. రెండూ ఒకే గిన్నెలో దొరకవు.

వెండి అయాన్ల పూతలకు వేరే చిక్కు. వీటిని కొలిచే ఐఎస్‌ఓ 22196 పరీక్షలో బ్యాక్టీరియా ద్రవాన్ని నమూనా మీద పోసి, పైన ప్లాస్టిక్ పొర కప్పి, 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర 90 శాతానికి పైగా తేమలో 24 గంటలు ఉంచుతారు. వెండికి అది స్వర్గం. అయాన్ కదలాలంటే తడి కావాలి. ఏసీ గదిలో పొడిగా ఉన్న స్విచ్ బోర్డు మీద అదే ఫలితం రాదు. డెల్టా వానాకాలపు గాలి పరీక్ష పరిస్థితికి కాస్త దగ్గరే, కానీ 24 గంటలు తడిగా ఉంచిన స్విచ్ బోర్డు వేరే ప్రమాదం.

99.9 శాతం ఎంత

10 లక్షల బ్యాక్టీరియాలో 99.9 శాతం చస్తే వెయ్యి మిగులుతాయి. వేసవి వేడిలో, తిండి జిడ్డు ఉన్న చోట కొన్ని రకాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. 10 రెట్టింపులకు, అంటే 3 గంటల 20 నిమిషాలకు, వెయ్యి కాస్తా మళ్లీ 10 లక్షలు దాటుతుంది. జిడ్డు మిగలకపోతే ఆ పెరుగుదలకు ఆహారం లేదు. చంపిన శాతం కంటే మిగిలిన జిడ్డు, మిగిలిన తడి ముఖ్యం అనడానికి కారణం ఇదే. చేతి శుభ్రతలోనూ ఇదే తేలింది: 2016లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ట్రైక్లోసాన్ సహా 19 పదార్థాలను చేతి సబ్బుల్లో నిషేధించింది. మామూలు సబ్బు, నీళ్ల కంటే అవి మెరుగని తయారీదారులు చూపలేకపోయారు.

రొయ్యల షెడ్డులో అసలు పరీక్ష

2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక భీమవరం చుట్టుపక్కల ప్రాసెసింగ్ ప్లాంట్లు పెరిగాయి. క్లోరిన్ వాడకం ఎక్కువగా ఉండే చోట్లలో ఇవి ముందుంటాయి. తల తీసే బల్ల మీద ఒక షిఫ్టులో పేరుకునేది మాంసకృత్తు, కొవ్వు, ఉప్పు, పెంకు ముక్కలు. క్లోరిన్ వీటన్నిటితో ముందు కలిసిపోతుంది, సూక్ష్మజీవికి మిగిలేది తక్కువ. రొయ్య నల్లబడకుండా వాడే సోడియం మెటాబైసల్ఫైట్ కడగకుండా మిగిలితే క్లోరిన్‌ను నేరుగా తటస్థం చేస్తుంది. మందు బలంగా కలిపినా స్వాబ్ (బల్లను దూదితో తుడిచి చేసే సూక్ష్మజీవుల పరీక్ష) ఫలితం రాలేదనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఈ రెండే. ఇంకా బలంగా కలిపితే పోయేది స్టీలే.

304 రకం స్టీలులో క్రోమియం 18, నికెల్ 8 శాతం. ఉప్పు, క్లోరిన్ కలిసిన నీళ్లు ఆరేదాకా వదిలేస్తే దానికి సూది మొన అంత గుంటలు పడతాయి. బ్యాక్టీరియా సైజు మైక్రాను అటూ ఇటూ. ఆ గుంట దానికి కొట్టుగది. ఒకసారి లోపల బయోఫిల్మ్ (సూక్ష్మజీవుల జిగట పొర) కట్టాక పైన పోసిన మందు అంచుల్లోనే ఖర్చవుతుంది. ఆ విధంగా ఎక్కువ క్లోరిన్ ఎక్కువ గుంటలను, ఎక్కువ గుంటలు ఇంకా ఎక్కువ క్లోరిన్‌ను అడుగుతాయి. ఈ చక్రాన్ని తెంపేది ఉపరితలమే.

316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, క్లోరైడ్‌కు అది 304 కంటే మెరుగ్గా నిలుస్తుంది. ఆహారం తగిలే స్టీలుకు గరుకుదనం 0.8 మైక్రాన్లు మించకూడదన్నది పరిశ్రమలో నడిచే కొలత. బల్ల కొనేటప్పుడు షీటు సర్టిఫికెట్‌లో ఇది ఉంటుంది, కానీ షీటు నునుపుకూ బల్ల నునుపుకూ పొంతన ఉండదు. తేడా అంతా వెల్డింగు దగ్గర. అతుకు మీద గుంటలు, పక్కన నీలం, గోధుమ రంగు మచ్చలు వదిలేస్తే తుప్పు మొదలయ్యేది అక్కడినుంచే. అతుకును రుద్ది సమం చేయించి, మచ్చలను పిక్లింగ్ పేస్టు అనే ఆమ్లపు ముద్దతో తీయించి, తర్వాత పాసివేషన్ (స్టీలు రక్షణ పొరను మళ్లీ కట్టించే ఆమ్ల శుద్ధి) చేయించాలి. ఎలక్ట్రోపాలిష్ (కరెంటుతో నునుపు చేయడం) చేయిస్తే ఇంకా మెరుగు. ఇన్ని చేసిన బల్ల మీద ఇనప పీచుతో తోమితే పీచు తునకలు దిగబడి అవే తుప్పు పడతాయి, స్టీలు తుప్పు పట్టిందని నింద దాని మీదికి పోతుంది. నైలాన్ ప్యాడ్ వాడాలి.

కడిగే వరస కూడా మందు వాడకాన్ని నిర్ణయిస్తుంది. ముందు రబ్బరు పలకతో పొడిగా గీకి ముక్కలు ఎత్తేయాలి. పైపుతో కొడితే మురికి తుంపరలై పక్క బల్ల మీద పడుతుంది. తర్వాత చల్లటి లేదా గోరువెచ్చని నీళ్లు. మొదటే మరిగే నీళ్లు పోస్తే మాంసకృత్తు ఉడికి బల్లకు అతుక్కుంటుంది, గుడ్డు పెనానికి పట్టినట్టు. ఆ పైన క్షార డిటర్జెంటు, కడుగు, ఆఖర్న క్లోరిన్, చెప్పిన సమయం ఆగి మళ్లీ కడుగు. చివరిది ఎక్కువమంది వదిలేసే మెట్టు: బల్లను వంచి ఆరనివ్వడం. షిఫ్టుల మధ్య ఖాళీ లేని ప్లాంట్లలో ఆరే సమయం దొరకదు, అక్కడ ఏ ఉపరితలమైనా సగం పనే చేస్తుంది.

కొన్ని చోట్ల ఉప్పు నీటిలో కరెంటు పంపి అక్కడికక్కడే తయారుచేసే ద్రావణాన్ని రసాయన రహితమని పరిచయం చేస్తున్నారు. అందులో ఉన్నది హైపోక్లోరస్ ఆమ్లం, అంటే క్లోరిన్ కుటుంబమే. పీహెచ్ 5 నుంచి 6.5 మధ్య ఇది బ్లీచింగ్ ద్రావణం కన్నా చురుగ్గా చంపుతుంది కాబట్టి తక్కువ మోతాదు చాలు, డ్రమ్ముల రవాణా తప్పుతుంది. ఆ లాభాలు నిజమే. నిలవ ఉండదు, జిడ్డు తీయదు, స్టీలుకు క్లోరైడ్ బెడద అలాగే ఉంటుంది.

ఇంటి గట్టు, ఇంటి నేల

డెల్టా ఇళ్లలో వంట గట్టుకు, పాత నేలలకు కడప రాయి, నాపరాయి ఎక్కువ. రెండూ సున్నపురాయి జాతివే. నిమ్మకాయ, వెనిగర్, టాయిలెట్ యాసిడ్ ఏది పడినా రాయి పైపొర కరుగుతుంది. గార పోయిందని, తెల్లగా వచ్చిందని సంబరపడతారు. అది శుభ్రత కాదు, మెరుపు పోయిన రాయి. గరుకు పెరిగిన ఆ చోట పసుపు, నూనె మునుపటి కంటే లోతుకు దిగుతాయి. టైల్స్ పింగాణీ పొర యాసిడ్‌కు తట్టుకుంటుంది, మధ్యనున్న సిమెంటు అతుకులు తట్టుకోవు. అతుకు తినేసిన చోట నీరు దిగి, నల్ల బూజు కట్టేది అందుకే. గార తీయడానికి లీటరు నీటికి 20 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి 10 నిమిషాలు నానబెడితే చాలు, అదీ పింగాణీ, స్టీలు, గాజు మీదే. యాసిడ్, బ్లీచింగ్ ఒకేసారి పోయకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు మూసిన చిన్న బాత్రూములో అది ప్రాణాంతకం.

బాత్రూము నేలకు మీటరుకు 10 నుంచి 12 మిల్లీమీటర్ల వాలు ఉంటే నీరు నిలవదు. నేల వేసినప్పుడు మేస్త్రీ దారం పట్టి చూడని చోట తర్వాత ఏ కోటింగ్ వేసినా పాచి తప్పదు. అద్దానికి, గాజు పలకకు స్నానం అవగానే రబ్బరు వైపర్ లాగడం గార విషయంలో పూత కంటే మెరుగు, ఎందుకంటే ఆరడానికి లవణం మిగలదు.

మందు లేకుండా ఇంట్లో నిజంగా ఫలితమిచ్చేది మైక్రోఫైబర్ గుడ్డ. పాలిస్టర్, నైలాన్ కలిపి చీల్చిన సన్నటి పోగులు జిడ్డును, దుమ్మును తమ మధ్యకు లాక్కుంటాయి. పని చేయాలంటే బాగా పిండిన తడి మాత్రమే ఉండాలి. నాలుగు మడతలు పెట్టి ఒక్కో ముఖం మురికవగానే తిప్పాలి. బాత్రూముకు, వంటగదికి వేరే రంగులు. ఫాబ్రిక్ కండిషనర్‌లో నానబెడితే పోగులకు మైనం పట్టి గుడ్డ చచ్చిపోతుంది. బోరు నీళ్లలో ఉతికి ఉతికి గట్టిపడితే నిమ్మ ఉప్పు నీళ్లలో ఒకసారి జాడించాలి. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేసి బోరు మీద ఆధారపడే నెలల్లో ఇది తరచూ అవసరమవుతుంది. వరద ఒండ్రు ఉన్న నేలను ముందు చీపురుతో ఊడ్చకుండా ఈ గుడ్డతో తుడిస్తే ఇసుక రేణువులు పోగుల్లో చిక్కి పాలిష్‌ను గీసేస్తాయి. ఉతికినప్పుడల్లా ఈ గుడ్డ సన్నటి ప్లాస్టిక్ నలుసులను నీళ్లలో వదులుతుంది. ఆ ఖాతా ‘పర్యావరణ హితం’ పక్కన రాయరు.

కొనే ముందు

పూత అమ్మేవారిని అడగాల్సింది శాతం కాదు. ఏ ప్రమాణం కింద పరీక్షించారు, ఎంత తేమలో, ఎంతసేపు, ఎన్నిసార్లు రుద్దాక అన్నది అడగాలి. చివరి ప్రశ్నకు కాగితం చూపించగలిగేవాళ్లు తక్కువ. నీటిని జార్చే పూతకు పరీక్ష తేలిక: నమూనా పలక మీద తమ ఇంటి బోరు నీళ్లే పది చుక్కలు వేసి ఎండలో ఆరనిచ్చి, తడి గుడ్డతో ఒక్క తుడుపుకు మచ్చ పోతుందో లేదో చూడడం. టైటానియం పూతకైతే అక్వేరియం దుకాణాల్లో దొరికే మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు పల్చగా రాసి, సగం భాగాన్ని నల్ల కాగితంతో కప్పి రెండు రోజులు ఎండలో ఉంచాలి. ఎండకే కొంత వెలిసేది ఎలాగూ ఉంది కాబట్టి పూత లేని పలకను పక్కనే పెట్టి పోల్చాలి. రెండూ ఒకేలా వెలిస్తే పూత లేనట్టే.

పాత ఉపరితలం మీద పూత వేయించేటప్పుడు ఖర్చులో ఎక్కువ భాగం అడుగు శుభ్రతకే పోవాలి. గార, సబ్బు పొర పూర్తిగా తీసి, కడిగి, కనీసం ఒక రోజు పొడి గాలికి ఆరాక వేసిన పూతే అంటుకుంటుంది. వానాకాలంలో గోడలోనే తడి ఉంటుంది కాబట్టి అప్పుడు వేయించడం డబ్బు నీళ్లలో పోయడమే. మాఘం నుంచి చైత్రం దాకా డెల్టాలో ఈ పనికి అనువైన కాలం. వేయించాక క్షార డిటర్జెంట్లు, గీకే పొడులు ఆ ఉపరితలం మీద వాడకూడదు. పనివాళ్లకు ఆ సంగతి చెప్పకపోతే పూత నెల తిరగకుండానే తోముడులో పోతుంది.